భూమి చిట్టాకు కాపలా ఎవరు?

మన ఇళ్లలో చాలావాటిలో ఒక పాత ట్రంకుపెట్టె ఉంటుంది. అందులో పట్టుబట్టల అడుగున, గుడ్డలో చుట్టిపెట్టిన కాగితాల కట్ట ఒకటి ఉంటుంది. తాతగారు పొలం కొన్ననాటి క్రయదస్తావేజు, తండ్రిగారు అన్నదమ్ములతో పంచుకొన్ననాటి పంపకాల పత్రం, ఏనాటివో శిస్తు రసీదులు అందులో భద్రంగా ఉంటవి. ఇంటికి నిప్పంటుకొన్నదంటే నగలకంటె ముందు ఆ కట్టను బయటికి తెచ్చే పెద్దలు మన కుటుంబాలలో ఉండేవారు. పొలాన్ని ఎవరూ ఎత్తుకొనిపోలేరు. కాని ఆ పొలం మనదని చెప్పే అక్షరాలు పోతే, పొలం ఉండికూడా లేనట్లే అవుతుందని వారికి తెలుసు.

ఆ పెట్టెలోని కాగితాలకు జంటగా ఊరిలో మరొకచోట మరొక పుస్తకం ఉండేది. కోస్తా, రాయలసీమ జిల్లాలలో అది కరణంగారి అడంగలు. తెలంగాణలో పట్వారీ పహాణీ. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణమున్నది, సాగు చేస్తున్నవారెవరు, ఏ పైరు వేసినారు అన్న సంగతులన్నీ ఆ పుస్తకంలో ఎక్కేవి. దానిని వ్రాసే కలం చేతిలో ఉన్న మనిషికి ఊరిలో ఎంత పలుకుబడి ఉండేదో పెద్దలనడిగితే చెప్పగలరు. ధర్మబుద్ధి గల కరణం ఊరికి అండ. స్వలాభం చూచుకొన్న కరణం ఊరికి పీడ. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసినది. కాని ప్రశ్న మాత్రం రద్దు కాలేదు. భూమి చిట్టాను వ్రాయవలసినదెవరు? ఎవరి మేలు కోరి వ్రాయాలి?

ఈ ప్రశ్ననే 2014 నుండి 2016 వరకు ఇంగ్లండు దేశంలో గట్టిగా అడిగినారు. అడిగినవారు తత్త్వవేత్తలు కారు, మహానాయకులు కారు. భూమి రిజిస్ట్రీ కార్యాలయాలలో బల్లల ముందు కూర్చుండి పత్రాలు పరిశీలించే ఉద్యోగులు. తమ కార్యాలయాన్ని ప్రైవేటువారి పరం చేయవద్దని వారు చేసిన పోరాటం, అది ఫలించిన తీరు, అటువంటి పోరాటమే మరొక దేశంలో ఫలించకపోయిన తీరు మనం తెలుసుకోదగినవి.

మొదట ఆ రిజిస్ట్రీ పుట్టుక సంగతి చెప్పుకోవాలి. పూర్వం ఇంగ్లండులో భూమి కొనడమంటే పెద్ద పరీక్ష. అమ్మేవాడు తన దగ్గరి దస్తావేజుల కట్టను తెచ్చి కొనేవాని న్యాయవాది ముందు పెట్టేవాడు. ఈయనకు అమ్మినవాడెవరు, అతనికి అమ్మినవాడెవరు, వారి తాతలలో ఎవరైనా తనఖా పెట్టినారా, భార్యకు భరణంగా వ్రాసిచ్చినారా అని ఆ న్యాయవాది దశాబ్దాల వెనుకకు పోయి పరిశీలించేవాడు. ఆ స్థలాన్ని మళ్లీ అమ్మినప్పుడు మరొక న్యాయవాది ఆ పరిశీలననే మొదటినుండి చేసేవాడు. గొలుసులో ఒక్క లంకె తెగినా బేరం చెడేది. ఇదంతా ఖర్చు, కాలయాపన. పద్ధెనిమిదవ శతాబ్ది పూర్వార్ధంలోనే యార్క్‌షైరు, మిడిల్‌సెక్సు ప్రాంతాలలో దస్తావేజుల నమోదు కార్యాలయాలు ఏర్పడినవి. అయితే అవి పత్రం ఉన్నదని మాత్రమే చెప్పేవి. హక్కు ఎవరిదో చెప్పేవి కావు.

హక్కునే నమోదు చేయాలనే ఆలోచనకు దక్షిణ ఆస్ట్రేలియాలో రూపమిచ్చినవాడు రాబర్ట్ టోరెన్స్. ఆయన అడిలెయిడు రేవులో సుంకాల అధికారిగా పనిచేసినవాడు. ఓడల యాజమాన్యాన్ని ఒక రిజిస్టరులో వ్రాసి, ఆ వ్రాతనే ప్రమాణంగా తీసుకొనే పద్ధతి ఆయనకు పరిచితం. ఓడకు చెల్లిన పద్ధతి భూమికి ఎందుకు చెల్లదని ఆయన తలచినాడు. 1858లో అక్కడ ఆయన పట్టుదలతో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే యజమాని. పాత కట్టలు విప్పనక్కరలేదు. టోరెన్స్ పద్ధతి అనే పేరుతో అది పలు దేశాలకు ప్రాకినది.

ఇంగ్లండులో భూమి రిజిస్ట్రీ 1862లో ఏర్పడినది. నాటి లార్డ్ చాన్సలరు వెస్ట్‌బరీ ప్రభువు దానికి పూనుకొన్నాడు. కాని నమోదు చేయించుకోవడం యజమానుల ఇష్టానికి విడిచిపెట్టినందువల్ల చాలాకాలం ఆ పుస్తకాలలో పేర్లు పలుచగానే ఉన్నవి. 1897 చట్టంతో, 1899 నుండి లండను ప్రాంతంలో స్థలం చేతులు మారినప్పుడు నమోదు తప్పనిసరి అయినది. 1925 నాటి చట్టం ఆ పద్ధతికి గట్టి పునాది వేసినది. ఆ తరువాత ఒక్కొక్క జిల్లాకే విస్తరిస్తూ పోయి, 1990 డిసెంబరు నాటికి గాని ఇంగ్లండు, వేల్సు దేశాలంతటా తప్పనిసరి కాలేదు. అనగా ఈ చిట్టా పూర్తిగా అమలులోనికి రావడానికి నూట ఇరవై ఎనిమిది సంవత్సరాలు పట్టినది. అదే సంవత్సరంలో మరొక పెద్ద మార్పు వచ్చినది. అంతవరకు యజమాని అనుమతి లేనిదే ఇతరులు చూడరాని ఆ రిజిస్టరును, రుసుము చెల్లించిన ఎవరైనా చూడవచ్చునని ద్వారాలు తెరచినారు. 2016 నాటికి అందులో సుమారు 2 కోట్ల 40 లక్షల హక్కు ఖాతాలు ఉన్నవి.

ఈ రిజిస్టరులో ఒక్కొక్క ఖాతాకు మూడు భాగాలుంటవి. మొదటిది స్థలం వివరాలు, దాని పటం. రెండవది యజమాని పేరు, ఆ హక్కు ఏ తరగతికి చెందినదన్న సంగతి. మూడవది ఆ స్థలంపై ఉన్న తనఖాలు, ఇతర భారాలు. వీటికి తోడు అన్నింటికంటె ముఖ్యమైనది ఒకటున్నది. అది ప్రభుత్వపు హామీ. రిజిస్టరులో పొరపాటు జరిగి, లేదా మోసగాడెవడైనా దొంగ సంతకంతో ఇల్లు అమ్మివేసి, అందువల్ల నిర్దోషి ఒకడు నష్టపోతే, ఆ నష్టానికి పరిహారమిచ్చే బాధ్యత రిజిస్ట్రీదే. ఈ హామీని నమ్మియే బ్యాంకులు ఇళ్లపై అప్పులిస్తున్నవి. ఈ హామీని నమ్మియే సామాన్య కుటుంబాలు జీవితమంతా కూడబెట్టిన సొమ్మును ఒక్క సంతకంతో ధారపోస్తున్నవి.

మన దేశపు పద్ధతికీ దీనికీ ఉన్న భేదం ఇక్కడ గుర్తుంచుకోవాలి. మన సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం దస్తావేజును నమోదు చేస్తుంది. ఫలానావారు ఫలానావారికి ఫలానా పత్రం వ్రాసినారు అనడానికి అది సాక్ష్యం. అమ్మినవానికి అసలు హక్కున్నదా అన్నది కొన్నవాడే విచారించుకోవాలి. ఇంగ్లండులోనో, ఆ విచారణ చేసేది రిజిస్ట్రీ ఉద్యోగి. పత్రాన్ని ముద్రవేసి లోపల పెట్టడం కాదు ఆయన పని. రెండు పొలాల నడుమ దారిహక్కు ఎవరిది, పటంలోని గీత కంచెకు ఈవలనా ఆవలనా, ఈ సంతకం నిజమైనదేనా అని తూచి నిర్ణయించాలి. అది గుమాస్తా పనిలో సగం న్యాయాధిపతి పని.

ఇటువంటి పనిచేసే ఉద్యోగులు లండనులో మాత్రమే కాక హల్, డర్హం, ప్లిమత్, స్వాన్సీ, గ్లాస్టరు వంటి పట్టణాలలో ఉన్నారు. వారిలో చాలామంది సంఘం పి.సి.ఎస్. అనే పొట్టిపేరు గల పబ్లిక్ అండ్ కమర్షియల్ సర్వీసెస్ యూనియన్. 1998లో రెండు పాత సంఘాల కలయికతో ఏర్పడిన ఈ యూనియన్ ప్రభుత్వోద్యోగుల సంఘాలలో పెద్దది. రిజిస్ట్రీ పన్నుల డబ్బుపై బ్రతికే కార్యాలయం కాదు. తాను వసూలుచేసే రుసుములతో తన ఖర్చు తాను భరించి, మిగులును ప్రభుత్వ ఖజానాకు పంపేది. 2008లో ఇళ్ల బేరాలు కుప్పకూలిన తరువాత పని తగ్గి, కొన్ని కార్యాలయాలు మూసివేసినారు. కొద్ది సంవత్సరాలలో ఉద్యోగుల సంఖ్య దాదాపు సగానికి పడిపోయినది. మిగిలినవారి మనసులలో ఆ గాయం ఇంకా పచ్చిగా ఉన్న కాలంలోనే క్రొత్త ప్రతిపాదన వచ్చినది.

2014 జనవరిలో ప్రభుత్వం ఒక సంప్రదింపు పత్రం ప్రకటించినది. రిజిస్ట్రీని రెండుగా విభజించాలని దాని సారాంశం. ప్రధాన రిజిస్ట్రారు కార్యాలయమనే చిన్న భాగం ప్రభుత్వంలో ఉంటుంది. రోజువారీ పనులు చేసే పెద్ద భాగం ఒక కంపెనీ అవుతుంది. ఆ కంపెనీ ప్రభుత్వానిదే కావచ్చును, ప్రైవేటువారితో ఉమ్మడిది కావచ్చును, పూర్తిగా ప్రైవేటువారిదే కావచ్చును. ఇందులో దాగిన ఉద్దేశం అమ్మకమేనని ఉద్యోగులు గ్రహించినారు. యూనియన్ తన సభ్యుల అభిప్రాయం సేకరించినది. 2014 మే నెలలో వారు రెండు దినాలు సమ్మె చేసినారు. సంప్రదింపు పత్రానికి వచ్చిన సమాధానాలలో అత్యధికం వ్యతిరేకంగానే ఉన్నవి. అదే సంవత్సరం జులైలో, ప్రస్తుతానికి మార్పు చేయబోమని ప్రభుత్వం ప్రకటించినది. అప్పటి సంకీర్ణ ప్రభుత్వంలో ఈ శాఖ విన్స్ కేబుల్ ఆధీనంలో ఉన్నది.

మొదటి గండం గడచినది గాని, 'ప్రస్తుతానికి' అన్న ఆ ఒక్క మాట ఉద్యోగులను నిశ్చింతగా ఉండనీయలేదు. వారి అనుమానమే నిజమైనది. 2015 ఎన్నికలలో కన్సర్వేటివ్ పార్టీ ఒంటరిగా అధికారానికి వచ్చినది. ఆ నవంబరులో ఆర్థికమంత్రి జార్జి ఆస్‌బర్న్, రిజిస్ట్రీ కార్యకలాపాలను 2017 నుండి ప్రైవేటు రంగానికి తరలించే విషయం పరిశీలిస్తామని చెప్పినారు. 2016 మార్చి 24వ తేదీన, ఈస్టరు సెలవులకు ముందు, రెండవ సంప్రదింపు పత్రం వెలువడినది. మే 26 దానికి గడువు. ఈసారి ప్రభుత్వం తన ఇష్టం దాచుకోలేదు. ప్రభుత్వానికీ ఒక ప్రైవేటు కంపెనీకీ దీర్ఘకాలపు ఒప్పందమే మేలైన మార్గమని వ్రాసినది.

ప్రభుత్వపక్షం వాదాన్ని న్యాయంగా చెప్పుకోవాలి. దేశానికి అప్పులున్నవి, అమ్మకంవల్ల వచ్చే సొమ్ము ఆ భారం తగ్గిస్తుంది. ఆ సొమ్ము 100 కోట్ల పౌండ్లకు మించవచ్చునని అంచనాలు వినవచ్చినవి. పాత కాగితాల పనిని కంప్యూటర్ల పనిగా మార్చడానికి పెట్టుబడి, నేర్పు ప్రైవేటు రంగంలో ఉన్నవి. రిజిస్టరు యాజమాన్యం, ప్రభుత్వ హామీ, రుసుముల నిర్ణయం ప్రభుత్వం చేతిలోనే ఉంటవి. కంపెనీ పని జరిపించేది మాత్రమే. కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో ఈ పనిని టెరానెట్ అనే సంస్థ చాలాకాలంగా నడుపుతున్నది గదా! ఈ వాదాలు కొట్టివేయదగినంత తేలికవి కావు.

యూనియన్ వీటికి ఏమని బదులు చెప్పినది? తమ ఉద్యోగాలు పోతవనే భయం వారికి ఉన్నది. దానిని వారు దాచలేదు, దాచవలసిన పని కూడా లేదు. పొట్టకూటి కొరకు పోరాడడం నేరం కాదు. కాని తమ వాదాన్ని అక్కడే ఆపివేసి ఉంటే ఆ పోరాటం ఒక కార్యాలయం గోడలు దాటి ఉండేది కాదు. వారు మరొక మాట అన్నారు. ఇల్లు కొనేవాడు, అమ్మేవాడు, అప్పిచ్చే బ్యాంకు, సరిహద్దు తగవులో ఉన్న పొరుగువాడు, వీరందరికీ రిజిస్ట్రీ సమానదూరంలో ఉండాలి. లాభం కొరకు నడిచే కంపెనీకి ఎప్పుడో ఒకప్పుడు ఈ బేరాలలో స్వార్థం ఏర్పడుతుంది. ఇళ్ల వ్యాపారంతో, అప్పుల వ్యాపారంతో సంబంధం ఉన్నవారే దానిని కొనవచ్చును. మన సామెతలో చెప్పాలంటే, కంచే చేను మేసే అవకాశం కల్పించరాదన్నదే వారి మాట.

రెండవది, ఈ పనికి పోటీదారు ఉండడు. రొట్టె బాగుండకపోతే మరొక దుకాణానికి పోవచ్చును. రిజిస్టరు బాగుండకపోతే మరొక రిజిస్టరు లేదు. పోటీ లేనిచోట ప్రైవేటు యాజమాన్యం వల్ల కలిగే మేలేమిటి? మూడవది, రిజిస్ట్రీ ఏటేటా మిగులు చూపుతున్నది. ఒకసారి వచ్చే మొత్తం కొరకు ఏటేటా వచ్చే రాబడిని వదులుకోవడం, పాలిచ్చే గేదెను పండుగ ఖర్చులకు అమ్మివేయడం వంటిది. నాలుగవది, ఎవరికి ఏ భూమి ఉన్నదో తెలుసుకొనే హక్కు ప్రజలది. పరదేశాలలో నమోదైన కంపెనీల చాటున దాగి లండనులో ఇళ్లు కొన్నవారి గురించి ఆ సంవత్సరం ఏప్రిల్‌లో వెలువడిన పనామా పత్రాలు పెద్ద కలకలం రేపినవి. అట్టి వేళ ఆ సమాచారపు తాళంచెవిని లాభాపేక్ష గల సంస్థ చేతిలో పెట్టడం తగునా అని వారు అడిగినారు.

ఈ వాదాల బలమేమనగా, వీటిని యూనియన్ కానివారు కూడా తమవిగా చెప్పుకోగలిగినారు. న్యాయవాదుల సంస్థ అయిన లా సొసైటీ వ్యతిరేకించినది. సాధారణంగా సమ్మెలకు దూరంగా ఉండే వర్గమది. పూర్వం ప్రధాన భూమి రిజిస్ట్రారుగా పనిచేసిన జాన్ మాంథార్ప్, రిజిస్ట్రీకి ప్రాణం దాని నిష్పక్షపాతమేనని, దానికి హాని కలుగుతుందని తన అనుభవాన్నిబట్టి హెచ్చరించినారు. వ్యాపారాలలో పోటీని కాపాడే ప్రభుత్వ సంస్థయే, విలువైన సమాచారంపై ఒక ప్రైవేటు కంపెనీకి గుత్తాధిపత్యం ఏర్పడే ప్రమాదమున్నదని తన సమాధానంలో వ్రాసినది. ప్రభుత్వం అడిగిన ప్రశ్నకు ప్రభుత్వపు అంగమే 'వద్దు' అన్న ధోరణిలో మాట్లాడడం చిన్న విషయం కాదు. ప్రజలు సంతకాలు చేసిన విజ్ఞాపనలో 3 లక్షలకు పైగా పేర్లు చేరినవి. 2016 జూన్ 30వ తేదీన, డేవిడ్ లామీ ప్రారంభించిన చర్చలో, కామన్సు సభలో వేరువేరు పార్టీల సభ్యులు ఈ ప్రతిపాదనను విమర్శించినారు.

తరువాతి కథ త్వరగా నడిచినది. ఆ చర్చకు వారం ముందే ఐరోపా సమాజం విషయంలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ దేశ రాజకీయాలను తారుమారు చేసినది. ప్రధాని కామెరాన్ తప్పుకొన్నారు. జులైలో థెరీసా మే ప్రధాని అయినారు. ఆస్‌బర్న్ పదవి కోల్పోయినారు. రిజిస్ట్రీ అమ్మకానికి వీలు కల్పిస్తుందని మే నెలలో రాణిగారి ప్రసంగంలో పేర్కొన్న బిల్లు, సెప్టెంబరులో సభ ముందుకు వచ్చేసరికి ఆ భాగం అందులో లేదు. నవంబరు 23వ తేదీన క్రొత్త ఆర్థికమంత్రి ఫిలిప్ హామండ్ తరఫున వెలువడిన ప్రకటనలో, రిజిస్ట్రీ ప్రభుత్వరంగంలోనే ఉంటుందని స్పష్టం చేసినారు.

ఇది యూనియన్ ఒక్కదాని విజయమని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. ప్రభుత్వం మారకపోయి ఉంటే ఏమయ్యేదో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. కాని ఒక్క మాట చెప్పవచ్చును. 2014లో ఆ చిన్న ఉద్యోగులు గొంతెత్తి ఉండకపోతే, 2016లో న్యాయవాదులు, శాసనసభ్యులు, పౌరులు చేరడానికి ఒక వేదిక సిద్ధంగా ఉండేది కాదు. క్రొత్త ప్రభుత్వం ఒక ప్రతిపాదనను వదులుకోవడానికి చూచుకొనేది ముందుగా దానికెంత వ్యతిరేకత ఉన్నదనే.

అన్నిచోట్లా కథ ఇట్లాగే ముగియలేదు. ఇంగ్లండులో అమ్మకం ఆగిన సంవత్సరంలోనే ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం తన భూమి రిజిస్ట్రీని ప్రైవేటువారికి ఇవ్వడానికి చట్టం చేసినది. అక్కడి ప్రభుత్వోద్యోగుల సంఘం వ్యతిరేకించినది. న్యాయవాదుల సంస్థ కూడా అభ్యంతరం చెప్పినది. అయినా 2017లో 260 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు, 35 సంవత్సరాల గడువుతో అది మదుపుదారుల కూటమి చేతికి పోయినది. అదే సంవత్సరం దక్షిణ ఆస్ట్రేలియా 40 సంవత్సరాలకు, మరుసటి సంవత్సరం విక్టోరియా 40 సంవత్సరాలకు అదే బాట పట్టినవి. ప్రభుత్వ రిజిస్టరే ప్రమాణమని 1858లో లోకానికి చాటిన టోరెన్స్ గారి రాష్ట్రమే ఆ రిజిస్టరు పనిని కౌలుకిచ్చినది!

అక్కడ కూడా హామీ ప్రభుత్వానిదే. న్యూ సౌత్ వేల్స్‌లో పర్యవేక్షణకు రిజిస్ట్రార్ జనరల్ ఉన్నారు. రుసుముల పెంపుకు చట్టం హద్దు పెట్టినది. ఆకాశం కూలిపోలేదు. కాని ఒక వింత ఏర్పాటు మిగిలినది. రుసుముల రాబడి కంపెనీది. హామీ భారం ప్రజలది. మదుపుదారులు అంత మొత్తం పెట్టి కొన్నారంటే, ఆ చిట్టాలో ఎంత నిలకడైన రాబడి ఉన్నదో వారికి బాగుగా తెలుసునన్నమాట. 35 సంవత్సరాలంటే ఒక తరం. ఆనాడు సంతకం చేసిన మంత్రులలో ఎందరు గడువు తీరేనాటికి జవాబు చెప్పడానికి ఉంటారు?

ఇంగ్లండులో ప్రభుత్వం చేతిలో మిగిలిన రిజిస్ట్రీ ఆ తరువాత ఏమి చేసినది? 2017 నవంబరులో, కంపెనీల పేరిట, పరదేశపు సంస్థల పేరిట ఉన్న ఆస్తుల జాబితాలను వెల లేకుండా ప్రజలకు విడుదల చేసినది. డబ్బు తెచ్చే సమాచారాన్ని ఉచితంగా ఇవ్వడం లాభం లెక్కించే సంస్థకు కష్టం. ఇది ఒక మేలు. మరొకప్రక్క, కొన్ని రకాల దరఖాస్తులు నెలల తరబడి తేలక పేరుకొనిపోయినవని ఇళ్లు కొన్నవారు, న్యాయవాదులు గోలపెట్టవలసి వచ్చినది. సగానికి తగ్గిన అనుభవజ్ఞులను మళ్లీ తయారుచేయడానికి ఏండ్లు పడుతుంది. అందుచేత, ప్రభుత్వం చేతిలో ఉండడం ఒక్కటే చాలదు. ఆ చేతికి బలం, చురుకు కూడా ఉండాలి. అమ్మకం వద్దన్నవారు ఈ మాటకు కూడా పూచీపడవలసి ఉన్నది. వద్దనడంతో వారి బాధ్యత తీరలేదు.

ఈ కథ మనకు దూరపుది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో టోరెన్స్ పద్ధతిని పోలిన భూహక్కుల చట్టం ఒకటి 2023లో అమలులోనికి వచ్చి, హక్కును నిర్ణయించే అధికారం ఎవరికుండాలన్న వివాదంలో చిక్కుకొన్నది. న్యాయవాదులు విధులు బహిష్కరించినారు. 2024లో దానిని రద్దు చేసినారు. తెలంగాణలో 2020లో ప్రారంభమైన ధరణి నిర్వహణ మొదట ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉండేది. దానిపై ఎన్నో వాదోపవాదాలు జరిగిన పిమ్మట, 2024 డిసెంబరులో ఆ నిర్వహణను కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరుకు అప్పగించినారు. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చినది. ఈ మార్పుల మంచిచెడ్డలు నిర్ణయించడం ఈ ప్రసంగం ఉద్దేశం కాదు. కరణంగారి కలం పోయి కంప్యూటరు మీట వచ్చినా, పాత ప్రశ్న ఎట్లా క్రొత్త వేషంలో తిరిగివచ్చినదో చూపడమే ఉద్దేశం.

హల్ పట్టణంలోనో స్వాన్సీలోనో బల్ల ముందు కూర్చున్న ఉద్యోగికి తాను చూస్తున్న ఇల్లు ఎవరిదైనా ఒకటే. ఆయనకు అందులో వాటా లేదు. ఆ వాటా లేకపోవడమే ఆయన వ్రాతకు విలువ. ఆ విలువను లెక్కపుస్తకంలో వ్రాయడానికి అంకె లేదు. అంకె లేనందువల్లనే అమ్మేవారి కంటికి అది కనబడలేదు. దానిని కనబడేటట్లు చేయడమే ఆ ఉద్యోగులు సాధించిన పని.

ఈసారి ట్రంకుపెట్టె తెరచినప్పుడు మన పెద్దలు దాచిన ఆ కట్టను ఒకసారి చేతిలోనికి తీసుకొని చూడండి. అందులోని కాగితానికి విలువ దాని ముద్రవల్ల వచ్చినది కాదు. ఆ ముద్ర వేసిన చేతికి మన పొలంతో పనిలేదన్న నమ్మకంవల్ల వచ్చినది. ఆ నమ్మకాన్ని నిలుపుకోవడం ప్రభుత్వాల పని మాత్రమే కాదు. ఆ చిట్టాలో పేరున్న ప్రతివారి పని.